ప్రమాదాల లెక్క ఠాణా గడప దాటాలి

అనంతపురం జిల్లా ప్రజలకు, అధికారులకు విజ్ఞప్తి

2021 నవంబరులో పామిడి దగ్గర 44వ జాతీయ రహదారి మీద, పత్తి తీతకు పోతున్న కూలీల ఆటోను లారీ గుద్దింది. ఐదుగురు ఆడవాళ్లు పోయారు. 2024 నవంబరులో గార్లదిన్నె మండలం తలగాసిపల్లి దగ్గర, పని ముగించుకుని ఇంటిదారి పట్టిన కూలీల ఆటోను ఆర్టీసీ బస్సు గుద్దింది. మళ్లీ కూలీలే, మళ్లీ ఆటోనే, మళ్లీ అదే నెల. పరామర్శలైనాయి, పరిహారాలు ప్రకటించారు. ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన పని మాత్రం ఏ ఆఫీసుదీ కాదు.

బ్లాక్ స్పాట్లు గుర్తిస్తున్నాం కదా అంటారు. జాతీయ రహదారి మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణమో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. అప్పుడే అది బ్లాక్ స్పాట్. మన కూలీ ఆటోలు ఒకే చోట దెబ్బతినవు. ఒకటి పామిడి దగ్గర, ఒకటి తలగాసిపల్లి దగ్గర. వానల్లేని ఏడు కూలి కోసం పరమండలం పోక తప్పదు. పోయే దారి కూడా ఏటేటా మారుతుంది. చోటును బట్టి మాత్రమే వెతికితే ఈ చావులు ఎన్నటికీ కంటబడవు. వేళ, నెల, బండి రకం, ఎక్కినవాళ్ల సంఖ్య కలిపి వెతికితేనే తేలతాయి.

కారణం సంగతి చూడండి. మనిషి చనిపోయిన కేసుకు మునుపు ఐపీసీ 304ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 106(1) పెడతారు. ఆ సెక్షను నిలబడాలంటే డ్రైవరు నిర్లక్ష్యం కనబడాలి. అందుకే ఏ ఎఫ్ఐఆర్ తీసినా ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అనే మాటే. 2022లో దేశం మొత్తం మీద 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతే, పదింట ఏడు చావులను అతివేగం ఖాతాలోనే రాశారు. డివైడరు తెగ్గోసిన చోటు, దీపం లేని క్రాసింగు, వెనక రిఫ్లెక్టరు లేకుండా ఆపిన లారీ, ఇవన్నీ ఆ ఒక్క మాట కింద పూడిపోతాయి. రోడ్డు డిజైన్లో లోపముంటే కాంట్రాక్టరుకూ బాధ్యత గల అధికార సంస్థకూ జరిమానా వేసే మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షను 2019 సవరణతోనే వచ్చింది. ఆధారం రాసిపెట్టకపోతే ఆ సెక్షను ఎవరి మీద వాడతారు?

సాధనం లేక కాదు. ప్రమాదాలు నమోదు చేసేందుకు ఐఐటీ మద్రాసు తయారుచేసిన ఐరాడ్ యాప్ 2021 నుంచి నడుస్తోంది. పోలీసు అక్కడే నిలబడి ఫోటో తీస్తాడు, చోటు నమోదు చేస్తాడు. అయినా మామూలు మనిషికి దక్కేది జిల్లా మొత్తాలే. బోరు వేసి మోటారు బిగించనట్టుంది వ్యవహారం.

మా కోరిక ఇది. జిల్లాలో ప్రతి ప్రమాదానికీ ఒకే పట్టికలో ఒక వరుస ఉండాలి. పోలీసు రాసిన దానికే 108 అంబులెన్సు వేళలూ ఆసుపత్రి వివరాలూ చేరాలి. ఇక్కడ గాయపడి కర్నూలులోనో బెంగళూరులోనో కన్నుమూసినవాళ్లూ ఆ వరుసలోకే రావాలి. పాత కాగితాల్లో ఈ 44వ జాతీయ రహదారే 7వ నంబరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాయే రెండయింది. పెనుకొండ, పామిడి లెక్కలు విడివిడి కట్టల్లో ఉంటే రహదారి కథ సగమే తెలుస్తుంది, కాబట్టి శ్రీ సత్యసాయి జిల్లాతో కలిపే చూడాలి. పేర్లు, బండి నంబర్లు తీసేసి ఆ పట్టికను అందరికీ ఇవ్వాలి. బ్రిటన్ ఒక్కో ప్రమాదం జరిగిన చోటూ వేళా సహా ఇస్తూనే ఉంది. అక్కడ ఎవరి పరువూ పోలేదు.

సోమవారం కలెక్టరేటులో అర్జీ పెట్టండి: మీ మండలంలో గత మూడేళ్ల ప్రమాదాలు, చోటు, వేళ, బండి రకంతో సహా. రసీదు దాచుకోండి. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో చెప్పి తీరాలి.