ఆశ్రయము తొలగిన పిమ్మట

1929లో పంజాబు నుండి ఇంగ్లండు చేరిన మీర్ సుల్తాన్ ఖాన్ ఆ యేడే బ్రిటిష్ చదరంగ విజేత యయ్యెను. అతడు బాల్యమున నేర్చినది దేశీయమైన ఆట. అందు బంటు తొలి ఎత్తుననైనను రెండు గడులు నడువదు. రాజునకు కోట కట్టు పద్ధతియు వేరు. పాశ్చాత్య నియమములను అతడు యౌవనమున అలవరచుకొనవలసి వచ్చెను. అయినను 1932, 1933 సంవత్సరములలో ఆ బిరుదమును మరల గెలిచెను. 1930-31 హేస్టింగ్సు పోటీలో పూర్వ ప్రపంచ విజేత కాపాబ్లాంకా అంతటివానిని ఓడించెను. మూడు ఒలింపియాడులలో ఇంగ్లండు పక్షమున మొదటి బల్లపై ఆడెను.

ఇంతటి ప్రజ్ఞకు ఆధారము ఒక్కటే: అతనిని వెంటబెట్టుకొని వెళ్లిన భూస్వామి సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆశ్రయము. ప్రభువు స్వదేశమునకు మరలగా ఆశ్రితుడును మరలెను. అంతటితో గొప్ప పోటీలతో అతని సంబంధము తెగిపోయెను. ఆ పరివారములోని ఫాతిమా 1933లో బ్రిటిష్ మహిళా విజేత యయ్యెను; ఆమె కీర్తియు ఆ తిరుగు ప్రయాణముతోనే ముగిసెను. 1950లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య తొలిసారిగా 27 మందికి గ్రాండ్‌మాస్టరు బిరుదము నొసగినప్పుడు సుల్తాన్ ఖాన్ పేరు అందు లేదు. 1966లో అతడు మరణించెను. గౌరవ బిరుదము 2024లో, మరణించిన 58 ఏండ్లకు, లభించెను.

ఫాతిమా గెలిచిన ఆ మహిళా బిరుదమునే 2000లోను, 2002లోను గుడివాడలో జన్మించిన కోనేరు హంపి గెలుచుకొనెను. 2002లోనే, 15 ఏండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరు అయ్యెను. తల్లియైన పిమ్మట కొంతకాలము ఆటకు విరామమిచ్చియు తిరిగి వచ్చి, 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచెను. ఫాతిమాకు లేనిదియు, హంపికి ఉన్నదియు ప్రతిభ కాదు. తిరిగి వచ్చుటకు తెరచియున్న ద్వారము. తండ్రియే గురువగుట, జీవనమునకు ఉద్యోగముండుట, ఏటేట పోటీలు జరుగుట, ఇవన్నియు కలిసి ఆ ద్వారమును తెరచియుంచినవి.

ప్రతి పాఠశాలలోను ఒక హంపి ఉండదు. కాని విరామవేళ బల్ల ముందు కూర్చుండి, గంట మ్రోగినను లేవని పిల్ల ఒకతె ఉండవచ్చును. అట్టి పిల్లను గుర్తించు ఉపాధ్యాయుడు ధన్యుడే. కాని అతడు బదిలీయైన మరునాడే బల్ల బీరువాలోనికి పోవునెడల, అతడు చేసినదియు జమీందారు దయవంటిదే. వారమునకొక గంట, చేయి మారని ఒక ఆటల పుస్తకము, పోటీకి పోవుటకు దారిఖర్చు — ఇవి పాఠశాల ఏర్పాటులైనప్పుడే విద్య వ్యక్తిని ఆశ్రయించుట మానును. ప్రతిభను కనుగొనుటకు ఒక్కరు చాలుదురు. దానిని నిలుపుటకు ఒక్కరు చాలరు.