తొలి అవకాశం

సినిమా విషయంలో మన కుటుంబాలన్నింటి అభిప్రాయమూ ఒకటి కాదు. ఆ చర్చను మేమిక్కడ తలపెట్టడం లేదు. అయితే మన సీమలో పుట్టిన ఒక నటుని జీవితంలో ప్రతి ఇంటి పెద్దా ఆలోచించదగిన విషయం ఒకటుంది. దానిని మాత్రమే పాఠకుల ముందుంచుతున్నాము.

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని సింహాద్రిపురంలో 1931లో జన్మించిన బి. పద్మనాభం చిన్న వయసులోనే చిత్రరంగంలో ప్రవేశించారు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో మాంత్రికుని శిష్యుడు సదాజపునిగా గుర్తింపు పొందారు. ఆ పిమ్మట దశాబ్దాల పాటు జనం ఆయనను హాస్యనటునిగానే ఎరిగారు. నటునికి ఎంపిక తక్కువ. ఇచ్చిన వేషం వేయాలి, రాసిచ్చిన మాట పలకాలి.

నిర్మాతగా మారాక ఆ ఎంపిక ఆయన చేతికి వచ్చింది. ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రానికి సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి 20 ఏళ్ల విద్యార్థి ఒకరితో పాడించదలచారు. పేరున్న గాయకులెందరో ఉండగా, అంతవరకు సినిమాలో పాడని వానికి చోటివ్వడం ఏ నిర్మాతకూ తేలిక కాదు. పద్మనాభం సమ్మతించారు. 1966 డిసెంబరు 15న ఆ పాట రికార్డయింది. ఆ విద్యార్థే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం.

1970లో తానే దర్శకత్వం వహించి ‘కథానాయిక మొల్ల’ తీశారు. నవ్వించడమే తన పనిగా లోకం ఎంచిన మనిషి ఎన్నుకున్నది కుమ్మరి ఇంటి ఆడబిడ్డ, మన కడప సీమ వారు తమదిగా చెప్పుకునే కవయిత్రి కథను. ఆ చిత్రానికి నంది పురస్కారం లభించింది. 2010 ఫిబ్రవరి 20న పద్మనాభం కన్నుమూశారు. ఆయన వేసిన వేషాలతో పాటు, ఆయన చోటిచ్చిన ఆ గొంతు కూడా నేటికీ జనం మనసులో నిలిచి ఉంది.

మన చేతుల్లో స్టూడియోలు లేవు. కానీ కర్నూలులో మెకానిక్ షెడ్డు నడిపే అన్నకు, కడపలో బట్టల దుకాణం ఉన్న బాబాయికి, ఇంటర్ తర్వాత కూతురి చదువు సాగాలో ఆగాలో తేల్చే తండ్రికి ఎంపిక చేసే అధికారం ఉంది. అనుభవం లేదని పనికోసం వచ్చిన కుర్రవాణ్ణి తిప్పిపంపడం సులువు. ఆడపిల్లకు ఈ చదువు చాలుననడం మరీ సులువు. తొలి అవకాశం ఎవరో ఒకరు ఇవ్వనిదే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? చేతిలోని అధికారం అమానతు. దానిని ఎవరి కోసం వినియోగించామన్న ప్రశ్నకు మనమందరం జవాబు చెప్పుకోవలసినవాళ్లమే.