గట్టుమీది రేగుపొద

మానవుడు వ్యవసాయం నేర్చి సుమారు 10,000 సంవత్సరాలు మాత్రమే అయింది. అంతకు పూర్వం లక్షల సంవత్సరాలు వేట, ఆహార సేకరణలే అతని జీవనాధారాలు. మన శరీరం ‘సి’ విటమిన్‌ను స్వయంగా తయారుచేసుకోలేదు. దానిని పండ్లు, కూరగాయల వంటి ఆహారం నుండి పొందవలసిందే. కనుక అడవి పండ్లను పిల్లల చిరుతిండిగా తీసిపారేయరాదు.

మన పల్లెలలో వేసవిలో ఈతపండ్లు, తునికిపండ్లు, తొలకరి వేళ నేరేడుపండ్లు, వాక్కాయలు, చలికాలంలో రేగుపండ్లు పేదవాని ఆహారంలోని లోటును కొంత తీర్చేవి. వాక్కాయ పప్పుకు పులుపునిచ్చేది, రేగుపండ్లు వడియాలయ్యేవి. నేడు అనేక గృహాలలో రేగుపండ్లు భోగినాడు బిడ్డల తలపై పోయడానికే అంగడి నుండి వస్తున్నాయి.

తోటలలో పండ్లు పండుతుండగా పొదల వెంట తిరగడమెందుకని కొందరంటారు. తోట పండునిస్తుంది కాని పరిజ్ఞానాన్ని ఇవ్వదు. ఏ పండు తినదగినది, ఏది ఎప్పుడు పక్వమవుతుంది అన్నది అనుభవజ్ఞుల వెంట నడిచి నేర్వవలసిన విద్య. ఎర్రగా మెరిసే గురివింద గింజ విషమని అవ్వ చెబితేనే మనుమరాలికి తెలుస్తుంది. పొదను నరికివేస్తే ఆ పాఠమూ అంతరిస్తుంది.

చిన్నతరహా అటవీ ఫలసాయంపై అడవి బిడ్డల హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. ఆ హక్కు సార్థకం కావాలంటే అడవి నిలవాలి. మన పరిజ్ఞానం నిలవాలంటే గట్టుమీది రేగుపొద కూడా నిలవాలి. విద్యార్థులు సెలవులలో ఒక పెద్దవారి వెంట పొలం గట్లపై నడిచి, ఆ పండ్ల పేర్లు అడిగి తెలుసుకోవాలి.