జాతర బొమ్మలు

కొత్త అమావాస్య జాతరకు అనకాపల్లి నూకాంబిక అమ్మవారి దర్శనానికి వెళ్ళిన కుటుంబం బొమ్మ కొనకుండా ఇల్లు చేరడం అరుదు. చంటివాడు దుకాణం ముందు నేలమీద పడి ఏడిస్తే తండ్రి జేబు తడుముకోక తప్పదు. అది కూలి డబ్బు. ఏమి కొన్నామన్నది చిన్న విషయం కాదు.

మీట నొక్కితే పాడే, దీపాలు వెలిగే ప్లాస్టిక్ బొమ్మకే గిరాకీ ఎక్కువ. అందులో ఆడేది బొమ్మ, చూసేది బిడ్డ. బ్యాటరీ అయిపోయిన నాడు ఆటా అయిపోతుంది. లక్కపిడతల సంగతి వేరు. వాటితో ఆడపిల్లలేమి, మగపిల్లలేమి, గుజ్జనగూళ్ళు వండి వీధి అరుగుమీద ఊరంతటికీ విందు పెడతారు. నేడు అన్నం గిన్నె అయినది రేపు గుడిగంట అవుతుంది. బొంగరం తిప్పడం రావడానికి వారం పడుతుంది. ఆ వారం రోజుల తంటాలోనే వాడి చేతికి పనితనం అబ్బుతుంది. తాటికాయల బండికి ఏ కంపెనీ ముద్రా లేదు, అయినా దానిని మించిన బండి ఏ దుకాణంలోనూ కనబడదు. బిడ్డ ఒక బొమ్మతో ఎన్ని రకాలుగా ఆడగలడో చూసి వెల కట్టాలని మా అభిప్రాయం.

ఆట ఒక్కటే చూస్తే చాలదు. మూడేళ్ళలోపు బిడ్డకు దొరికిన ప్రతిదీ నోటికే పోతుంది. పది రూపాయల బిళ్ళ అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. అంతకు మించని ముక్క ఏదైనా బొమ్మనుంచి ఊడివచ్చేటట్లుంటే ఆ వయసు బిడ్డకు కొనరాదు. కన్ను, చక్రం, గుండీ గట్టిగా లాగి చూడండి. తడి గుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి. చౌక రంగులలో సీసం ఉంటే అది బిడ్డ మెదడుకు చేటు. అన్నిటికంటె ప్రమాదం బిళ్ళ బ్యాటరీ. మింగితే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అట్టి అనుమానం కలిగితే ఇంటి వైద్యం మాని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర ఉండి తీరాలని 2021 జనవరి 1 నుంచి నిబంధన అమలులో ఉన్నది. జాతర దుకాణాలలో ఆ ముద్రను వెతికే అధికారి మాత్రం మనకు కనబడడు. ఆశీలు వసూలు చేయడానికి వచ్చేవారు అందరికీ కనబడతారు! దుకాణాలకు స్థలం ఇచ్చేనాడే ఈ తనిఖీ జరిపించడం కష్టమేమీ కాదు.

నమోదైన చేతివృత్తులవారి బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందినవాటికి 2020 డిసెంబరు సవరణ మినహాయింపు ఇచ్చింది. వరాహ నది ఒడ్డునున్న మన ఏటికొప్పాక బొమ్మలకు 2017లో ఆ గుర్తింపు లభించింది. తిరిగే అంకుడు కర్రకు లక్కను అదిమితే ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు, జాఫ్రా గింజలు, నీలి వంటి వాటినుంచి రంగులు తీస్తారు. మూలలు నున్నన, అంచులు గుండ్రన. అయితే పేరు చూసి మోసపోరాదు. రంగు చెట్టుదా, రసాయనమా అని అడిగి మరీ కొనండి. మూత చిన్నదైతే పసిబిడ్డకు వద్దు.

జిల్లాలోని అంగన్‌వాడీ కేంద్రాలకు ఆట వస్తువులు కొనేటప్పుడు ఈ లక్కబొమ్మలకు చోటు ఇవ్వవలసి ఉన్నది. బిడ్డలకు మంచి బొమ్మ, పనివారికి ఏడాది పొడవునా పని దొరుకుతాయి. ముందు అంకుడు కర్ర దొరకాలి కదా. అటవీ శాఖవారు నర్సరీలలో ఆ మొక్కలు పెంచి, వచ్చే తొలకరికైనా పంచాయతీ బంజర్లలో నాటించాలి.