చేతులకి గుర్తుండిపోయిన ఆటలు

నెట్ సెంటర్లో గంటకింత అని డబ్బులిచ్చి జీటీఏ వైస్ సిటీ ఆడినవాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి. 2002లో వచ్చిన ఆ ఆటలో కథేంటి, ఎవరు ఎవర్ని మోసం చేశారు అంటే సగంమంది తడుముకుంటారు. అదే బొమ్మ హెలికాప్టర్ మిషన్ అనండి, ఆ మొహాలు చూడాలి! సగం కట్టిన బిల్డింగు, లోపల జనం, ఓ పక్క టైమ్ తరుముకొస్తుంటే ఆ చిట్టి హెలికాప్టర్‌తో ఒక్కో బాంబే మోసుకెళ్ళి నాలుగూ పెట్టి రావాలి. మధ్యలో గుద్దుకుని పేలిందా, మళ్ళీ మొదటికే. ఇరవయ్యేళ్ళు దాటినా ఆ మిషన్ గురించి చెప్పేటప్పుడు వాళ్ళ వేళ్ళు గాల్లో కీలు నొక్కుతూనే ఉంటాయి.

గేముల్లో మనల్ని ఏళ్ళ తరబడి వదలని ఘట్టాలన్నీ ఇలాంటివేనని నా నమ్మకం. బొమ్మ ఎంత బాగుంది, సంగీతం ఎంత బాగుంది అన్నది తర్వాత. ఆ క్షణంలో మన చేతులు ఏం చేశాయన్నదే ముందు. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తా. కొన్ని గేముల ముగింపులు విప్పేయబోతున్నాను. తెలియకుండా ఆడుకుందామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ఏమీ అనుకోను.

2007లో కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడరన్ వార్‌ఫేర్ వచ్చింది. యుద్ధం గేమంటే అప్పటిదాకా మనకో లెక్కుండేది. దెబ్బలు తగిలితే గోడ చాటున కాసేపు దాక్కోవడం, మళ్ళీ లేచి కాల్చడం. ఇందులో కొంతసేపు జాక్సన్ అనే అమెరికన్ సైనికుడిగా ఆడతాం. కూలిపోయిన హెలికాప్టర్లోంచి పైలట్‌ని కాపాడి తెచ్చి, హమ్మయ్య అనుకుని గాల్లోకి లేచేసరికి నగరంలో అణుబాంబు పేలుతుంది. తర్వాత కళ్ళు తెరిస్తే ఆకాశం ఎర్రబారిపోయి ఉంటుంది, చుట్టూ శిథిలాలు. కంట్రోల్స్ మాత్రం మన చేతిలోనే ఉంటాయి. కదపమంటే కదులుతాడు, ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ. ఎక్కడికో ఒకచోటికి చేరిస్తే బతుకుతాడని మనమూ నడిపిస్తూనే ఉంటాం. అలాంటి చోటేదీ లేదు. కాసేపటికి జాక్సన్ చనిపోతాడు. ఇదే వీడియోలా చూపించేసి ఉంటే అయ్యో పాపం అనుకుని ముందుకెళ్ళిపోయేవాళ్ళం. ఆ అడుగులు మనచేత వేయించారు కాబట్టే ఇంకా మర్చిపోలేదు.

అయితే నా లెక్కలో అన్నిటికన్నా పైనుండేది ఇంత పెద్ద గేమేమీ కాదు. మూడు నాలుగు గంటల్లో అయిపోయే చిన్న ఆట, బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్. 2013లో స్వీడన్‌లోని స్టార్‌బ్రీజ్ స్టూడియో తెచ్చింది. డైరెక్టర్ జోసెఫ్ ఫారెస్ అంతకుముందు సినిమాలు తీసినాయన. కథ మన పెద్దవాళ్ళు చెప్పే కథలాగే ఉంటుంది. తండ్రికి జబ్బు చేస్తుంది, ఎక్కడో దూరాన ఉన్న మహావృక్షం నీళ్ళు తెస్తేగానీ బతకడు, అన్నా తమ్ముడూ బయల్దేరతారు. ఇద్దర్నీ ఆడించేది మనమే, ఒకేసారి, ఒకే కంట్రోలర్‌తో. ఎడంచెయ్యి అన్నది, కుడిచెయ్యి తమ్ముడిది. ఒక్కొక్కరికీ నడిపించడానికో స్టిక్, పని చేయించడానికి వెనకవైపు ఓ బటన్, అంతే. మొదట్లో చేతులు తికమకపడతాయి, అన్నని ఇటు తిప్పబోతే తమ్ముడు అటు పోతాడు. రానురానూ కుదురుకుంటుంది. వాళ్ళు మాట్లాడేది ఏ దేశపు భాషా కాదు, ఆట కోసం కల్పించింది. అయినా అర్థం కాలేదన్న లోటు ఎక్కడా ఉండదు.

తమ్ముడికి నీళ్ళంటే భయం. తల్లి వాడి కళ్ళముందే మునిగిపోయింది. అందుకే ఏరు అడ్డొచ్చినప్పుడల్లా అన్న ఈదుతాడు, వాడు అన్న వీపు పట్టుకుని వేలాడతాడు. ప్రయాణం చివర్లో ఆ అన్న చనిపోతాడు. తమ్ముడే అన్నని గోతి దాకా లాక్కెళ్ళాలి, మట్టి కప్పాలి. అదీ మనచేతే చేయిస్తారు, కుడిచేత్తో. ఎడంచేతికి ఇక పనిలేదు. కంట్రోలర్ మీద ఊరికే ఆనించి ఉంటుంది, అంతే. ఆ ఖాళీ ఎంత బరువుగా ఉంటుందో ఆడినవాళ్ళకే తెలుసు.

మందు తీసుకుని తిరిగొస్తుంటే వాన. ఏరు పొంగుతూ ఉంటుంది. దాటితేగానీ నాన్న దక్కడు. తమ్ముణ్ణి నీళ్ళ దాకా తీసుకెళ్తే భయపడి ఆగిపోతాడు. కుడి బటన్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. అటూ ఇటూ తిప్పి, దిక్కుతోచక, చివరికి ఎడం బటన్ నొక్కుతాం, అన్న బటన్. తమ్ముడు నీళ్ళలోకి దిగి ఈదడం మొదలుపెడతాడు.

అన్న ధైర్యం తమ్ముడిలోకి వచ్చిందని చెప్పడానికి సినిమా అయితే ఫ్లాష్‌బ్యాక్ వేస్తుంది, నవల ఓ పేజీ రాస్తుంది. ఇక్కడ ఆట అంతా అన్నదై, తర్వాత ఖాళీ అయిపోయిన ఒక వేలు మళ్ళీ పని చేసింది. ఈ పని ఇంకే కళకీ చేతకాదని నేను గట్టిగానే అంటాను.

మరి ఫైనల్ ఫాంటసీ 7 సంగతేంటి అని మీరు అడగొచ్చు. 1997లో అందులో ఏరిత్ చనిపోయిన సీన్ ఆ తరంవాళ్ళు ఇప్పటికీ తల్చుకుంటారు, అక్కడ మనం చేసేదేమీ లేదు, చూడ్డమే. మంచి ప్రశ్నే. కానీ ఏరిత్ అప్పటిదాకా మన జట్టు మనిషి. ఆమె చేతికి ఆయుధం ఇచ్చింది మనం, ఎన్నో పోరాటాలు చేయించి రాటుదేల్చింది మనం. ఆ తర్వాత జట్టుని ఎంచుకోబోతే ఆమె చోటు ఖాళీ. ఆ లోటు తెలిసేది మళ్ళీ చేతులకే.

అన్నీ చావులే చెప్తున్నాననుకోకండి. 2013లోనే వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్‌లో జిరాఫీలున్నాయి కదా! ఎల్లీ పద్నాలుగేళ్ళ పిల్ల. చలికాలమంతా పడరాని పాట్లు పడింది. ఎండలు మొదలయ్యాక సాల్ట్ లేక్ సిటీ చేరేసరికి ఆ వసపిట్ట నోట మాటే లేదు. ఉన్నట్టుండి ఏదో చూసి పరిగెడుతుంది. ఆమెని వెంటబెట్టుకుని తీసుకెళ్తున్న జోయెల్‌గా మనం వెనకే వెళ్తే, పాడుబడ్డ బిల్డింగు పక్కన జిరాఫీ ఆకులు తింటూ ఉంటుంది. దగ్గరికెళ్ళి నిమరొచ్చు. తర్వాత పైకెక్కి నిలబడితే కింద మంద మొత్తం నడుచుకుంటూ పోతుంది. ఎంతసేపు చూడాలి? మన ఇష్టం. ఏ శత్రువూ రాడు, ఎవరూ తొందరపెట్టరు. మనం కదిలేదాకా ఆ ఇద్దరూ అలా చూస్తూ ఉంటారు. 2023లో హెచ్‌బీఓ సీరియల్లో కూడా ఈ సీన్ పెట్టారు, చక్కగా తీశారు కూడా. కాకపోతే అక్కడ ఎప్పుడు కదలాలో డైరెక్టర్ చెప్పేస్తాడు.

2018 నాటి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గురించి మొదలుపెడితే ఈ పేజీ చాలదు. ఒక్కటి మాత్రం చెప్తాను. మనం ఆడే ఆర్థర్ మోర్గాన్‌కి క్షయ అంటుకునేది అప్పు వసూలుకి వెళ్ళి కొట్టిన ఓ పేదవాడి దగ్గర్నుంచి. ఆ గుద్దులు గుద్దింది మనమే మరి.

ఇక నియర్: ఆటోమటా. 2017లో జపాన్ నుంచి వచ్చింది, డైరెక్టర్ యోకో తారో. ముప్ఫై నలభై గంటలు ఆడి చిట్టచివరి ముగింపుకి చేరితే, తెర మీద పేర్లు పడుతుంటాయి. ఆ పేర్లే మన మీద గుళ్ళు కురిపిస్తాయి. ఓ చిన్న నౌకతో వాటిని ఎదుర్కోవాలి, అది ఒక్కరివల్ల అయ్యే పనిలా ఉండదు. ఓడినకొద్దీ ఓటమి ఒప్పుకుంటావా అని అడుగుతుంది. ఒప్పుకోకుండా పట్టుబడితే ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో రాసిన ధైర్యం మాటలు తెర మీదకొస్తాయి. చివరికి వాళ్ళ నౌకలే వచ్చి మన చుట్టూ కాపు కాస్తాయి. ఒక్కో నౌకకీ దెబ్బ తగిలినప్పుడల్లా ఫలానావాళ్ళ డేటా పోయిందని చూపిస్తుంది.

గెలిచాక ఒక ప్రశ్న. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళకి నువ్వూ ఇలా సాయం చేస్తావా? చెయ్యాలంటే నువ్వు ఇన్నాళ్ళూ సేవ్ చేసుకున్నదంతా చెరిపెయ్యాలి. సాయం అందుకునేవాడు నీకు గిట్టనివాడే కావచ్చు, అయినా సరేనా? సరే అంటే నిజంగానే చెరిపేస్తుంది, ఒక్కో పేజీ మన కళ్ళముందే ఖాళీ అయిపోతుంది. త్యాగం గురించి చెప్పే కథలు బోలెడు చదివాం. మన దగ్గర ఉన్నది నిజంగా అడిగి తీసుకున్న కథ నాకు తెలిసి ఇదొక్కటే. కుదరదని చెప్పినవాళ్ళూ ఉంటారు, వాళ్ళనీ నేను తప్పుపట్టను, అన్ని గంటల కష్టం అది.

వీటిలో మీవాళ్ళచేత మొదట ఏది ఆడించాలంటే మాత్రం బ్రదర్సే అంటాను. 2024లో కొత్త హంగులతో మళ్ళీ వచ్చింది. కంట్రోలర్‌తోనే ఆడాలి, ఎడంచెయ్యీ కుడిచెయ్యీ అన్న లెక్క తెలియాలంటే అదే దారి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ కథేమీ చెప్పకుండా వాళ్ళ చేతిలో పెట్టి పక్కన కూర్చోండి. ఏటి దగ్గర ఆగిపోయి "ఇదేంటి, పనిచెయ్యట్లేదు?" అని మీవైపు తిరిగితే, ఎంత బతిమాలినా చెప్పకండి.