స్టూలు దొరకని పెద్ద హోటలు



అమ్మగారి మోకాలి ఆపరేషన్ కోసం మేము హైదరాబాదులో పదహారు రోజులు ఉండి వచ్చిన సంగతి మీకు తెలుసు. ఆసుపత్రికి దగ్గర, లిఫ్టు ఉంది, ఎక్కువ రోజులుంటే అద్దె తగ్గిస్తామన్నారని ఒక బిజినెస్ హోటల్లో దిగాము. అక్కడ ఒక్కరోజు అద్దె మన ఊళ్ళో మిరపకాయలు కోసే అక్కకు వారం కూలి. ఆ డబ్బులో మీ కానుకలు ఉన్నాయి. అందుకే రాస్తున్నాము, లేకపోతే ఓర్చుకొని ఊరుకొనేవాళ్ళమే.

నాలుగో రోజున ఆగిన లిఫ్టు ఏడో రోజున గాని కదలలేదు. మాది మూడో అంతస్తు. ఆ మూడు రోజులూ అమ్మగారు గది దాటలేదు, ఫిజియోథెరపీ ఆగిపోయింది. కూర్చొని స్నానం చేయడానికి ఒక స్టూలు అడిగితే "నోట్ చేసుకున్నాం సార్" అన్నారు. ఐదు రోజులు అదే జవాబు, అదే చిరునవ్వు. చివరికి గదులు తుడిచే ఆవిడ తన ఇంటి నుంచి తెచ్చి ఇచ్చింది.

భోజనం బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జి వేశారు. హోటళ్ళు దానిని తమంతట తాము బిల్లులో కలపకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దానినే సమర్థించింది. ఆ మాట అనగానే మేనేజరు తీసేశాడు. అంటే తప్పని వాళ్ళకు తెలుసు! తెలియని పల్లె మనిషి కట్టి పోవలసిందేనా? మీకెవరికైనా ఇలా జరిగితే తీసేయమని అడగండి. వినకపోతే 1915కు ఫోన్ చేయండి.

"వ్యాపారం వ్యాపారమే పాస్టరుగారూ" అని కొందరు అంటారు. అద్దె తీసుకోవడం తప్పని మేము అనడం లేదు. ఆదరిస్తామని డబ్బు తీసుకొని ఆదరించకపోవడం తప్పు. దానికి వ్యాపారమని పేరు పెట్టినంత మాత్రాన అబద్ధం నిజం కాదు.

రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయము చదవండి. షూనేము స్త్రీ ఎలీషా కోసం మేడమీద చిన్న గది కట్టించింది. మంచము, బల్ల, పీట, దీపము పెట్టించింది. దారినపోయే మనిషికి ఏమి అవసరమో ఆమె అడగకముందే ఆలోచించింది. మేము ఐదు రోజులు అడిగినది కూడా ఆ పీటే కదా!

అయితే హోటలును తిట్టి చేతులు దులుపుకోలేము. పెద్దాసుపత్రుల ముందు మన పల్లెల వాళ్ళు చాపలు పరచుకొని పడుకుంటున్నారు. అదే నగరంలో ఏసీ మందిరాలు ఆదివారం తప్ప మిగతా రోజుల్లో తాళం వేసి ఉంటున్నాయి. గెస్ట్ రూమ్ ఉన్నా అది పెద్ద ప్రసంగీకులకే. ఇది హోటలు చేసినదానికంటే చిన్న తప్పా? హోటలు వాళ్ళు ఆతిథ్యము గురించి వాక్యము బోధించడం లేదు, మనము బోధిస్తున్నాము.

మన మందిరము వెనుక గదిలో సౌండు బాక్సులు ఉన్నాయి. ఈ శనివారం వాటిని తీసి మంచము వేద్దాము. స్టూలు మేము తెస్తాము.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.