మందు కోడికి కాదండీ, ముందు గూటికి!



ఈసారి వరి గురించి కాదు, పొగాకు గురించి కాదు. పెరట్లో తిరిగే కోళ్ళ గురించి. పది కోళ్ళ కోసం ఇంత పొడుగు పోస్టా అని నవ్వుకోకండి. పోయిన వానాకాలం నేను చేసిన ఒక తెలివితక్కువ పని ముందు చెబుతాను. అది దాచుకుని మీకు సలహా చెప్పడం బాగోదు.

మా నాటుపెట్ట ఒకటి తొమ్మిది పిల్లల్ని చేసింది. నాలుగో రోజుకి పెట్ట ముడుచుకుని కూర్చుంది. ఎర్రగా ఉండాల్సిన తురాయి పాలిపోయింది. రెక్క ఎత్తి చూస్తే పేలు. వరికి కొట్టగా డబ్బా అడుగున మిగిలిన మందు కొట్టంలో ఉంది. నాలుగు చుక్కలే కదా అని బకెట్ నీళ్ళలో కలిపి, గుడ్డ ముంచి పెట్ట ఒళ్ళంతా తుడిచాను. సాయంత్రం పిల్లలన్నీ ఎప్పట్లాగే తల్లి రెక్కల కిందకి దూరాయి. తెల్లారేసరికి ఏడు చచ్చి ఉన్నాయి.

మా ఇంటావిడ ఒకటే మాట అంది: "మందు పురుగులకి పెట్టారా, పిల్లలకి పెట్టారా?" సమాధానం చెప్పలేకపోయాను.

ఇంకా సిగ్గు పడాల్సిన సంగతి తర్వాత తెలిసింది. పది రోజులకి ఆ పొదిగేసిన బుట్ట ఎత్తి చూస్తే అల్లిక సందుల్లో ఎర్రగా చిన్న చిన్న పురుగులు పాకుతున్నాయి. అంటే పెట్టని అంత నీరసపెట్టింది రెక్కల కింద పేలొక్కటే కాదు. సగం దొంగలు బుట్టలో ఉన్నారు, నేను పోసింది పెట్ట మీద. పిల్లలు పోయాయి, పురుగులు క్షేమంగా ఉన్నాయి.

అందుకే నా మాట ఇది: పొలం మందు కోడి దరిదాపులకి రాకూడదు. కోడికి పురుగు పట్టిందంటే ముందు చూడాల్సింది గూడు.

"ఎప్పట్నుంచో చల్లుతున్నాం, ఏమైంది?" అనేవాళ్ళు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు. మా నాన్న రోజుల్లో బీహెచ్‌సీ పొడి చల్లేవారు, నిజమే. ఆ పొడిని మన దేశంలో 1997లో నిషేధించారు. కొవ్వులో పేరుకుపోయి ఏళ్ళ తరబడి ఒంట్లోంచి పోని విషం అది. మన పెద్దలకి చెప్పినవాళ్ళు లేరు, చల్లారు. మనకి తెలిసి కూడా చల్లితే తప్పు మనది.

ఇంకో సంగతి వినండి. 2017 ఆగస్టులో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో కోడిగుడ్లలో ఫిప్రోనిల్ బయటపడింది. ఫిప్రోనిల్ అంటే మనకి కొత్త కాదు, వరిలో కాండం తొలుచు పురుగుకి వేసే గుళికల్లో ఉండే మందే. అక్కడ గుడ్ల ఫారాల్లో ఎర్రనల్లి పోగొడతామని వచ్చినవాళ్ళు, మూలికల మందు పేరుతో ఇది కలిపి కొట్టారు. తినే గుడ్డు పెట్టే కోళ్ళకి ఆ మందు వాడకూడదని అక్కడ చట్టం. వందకు పైగా ఫారాలు మూయించారు, లక్షల గుడ్లు పారబోశారు. వాళ్ళకి పరీక్ష చేసే ల్యాబులు ఉన్నాయి కాబట్టి దొరికింది. మన పెరటి గుడ్డుని ఎవరు పరీక్ష చేస్తారు? "నాటుగుడ్డు బలం" అని ఏరి ఏరి పెట్టేది మన ఇంట్లో చంటిపిల్లలకి, బాలింతలకి. ఆ నమ్మకం నిలబెట్టాల్సింది మనమే.

సరే, మరి ఏం చేయాలి? ముందు పట్టింది ఏ పురుగో తెలుసుకోవాలి. అన్నిటినీ "పేలు" అనేస్తాం కానీ అక్కడే దెబ్బతింటున్నాం.

పేలు పగలూ రాత్రీ కోడి మీదే ఉంటాయి. గుద్దం చుట్టూ, రెక్కల కింద ఈకలు విడదీసి చూస్తే గడ్డి రంగులో పరిగెడతాయి. ఈకల మొదట్లో ఈపులు తెల్లగా గడ్డ కట్టి ఉంటాయి. ఇవి కోడిని వదిలి ఎక్కువ రోజులు బతకలేవు.

ఎర్రనల్లి అలా కాదు. పగలు గూటి సందుల్లో దాక్కుని, రాత్రి కోడి ఎక్కి నెత్తురు తాగి దిగిపోతుంది. పగలు కోడిని ఎంత వెతికినా కనపడదు. రాత్రి తొమ్మిది దాటాక సెల్‌ఫోన్ లైటు వేసి కోళ్ళు ఎక్కి పడుకునే కర్ర అడుగు చూడండి. తెల్లగుడ్డతో ఆ కర్ర కింద తుడవండి. ఎర్ర మరకలు అంటితే అదే. మన ఎండలకి గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి వారం పది రోజులు చాలు. కోళ్ళు లేని ఖాళీ గూట్లో కూడా నెలల తరబడి ఆకలికి ఓర్చుకుని ఉంటుంది. పాత గూట్లో కొత్త కోళ్ళని వేసిన వారానికే మళ్ళీ నీరసపడేది ఇందుకే.

మూడోది కోడి గోమారు. మట్టిగోడల పగుళ్ళలో, పాత చెక్కల్లో ఉంటుంది. ఇదీ రాత్రి దొంగే. దీని పిల్లలు రెక్కల కింద నల్ల చుక్కల్లా రోజుల తరబడి అతుక్కుని ఉంటాయి. గోమారు కుట్టడం వల్ల కోళ్ళకి ఒక రకం జ్వరం వస్తుంది, ఆకుపచ్చగా పారుకుంటాయి, కాళ్ళు పడిపోతాయి. దానికి మందు ఉంది కానీ పశువుల డాక్టరు గారే ఇవ్వాలి.

ఇప్పుడు గూటి పని. ఎండ ఉన్న రోజు చూసుకుని కోళ్ళని బయటకి తోలండి. గూట్లో ఊక, గడ్డి మొత్తం ఊడ్చి దూరంగా తీసుకెళ్ళి కాల్చేయండి. పొదిగేసిన పాత బుట్ట మీద జాలి పడకండి, దాన్నీ కాల్చండి. సలసల కాగే నీళ్ళు ప్రతి సందులో, కర్ర చివరలు గోడలో దూరే చోట పోయండి. ఎండబెట్టాక పగుళ్ళు మెత్తి చిక్కగా సున్నం కొట్టండి. సున్నం బాగా ఆరాకే కోళ్ళని లోపలికి పంపండి. వెదురు బొంగు వేసి ఉంటే తీసేయండి, ఆ డొల్లే నల్లికి ఇల్లు. బెరడు తీసి నున్నగా చెక్కిన కర్ర వేయండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడదీసేలా. వారానికి మళ్ళీ ఇదే పని ఇంకోసారి చేయాలి. మొదటిసారి తప్పించుకున్న గుడ్లు ఈలోగా పిల్లలవుతాయి. ఒక్కసారితో వదిలేసి "ఏం పని చేయలేదండీ" అంటే ఆ తప్పు సున్నానిది కాదు.

ఇక కోడి సంగతి. దానికి స్నానం మనం చేయించక్కర్లేదు, అదే చేసుకుంటుంది. పొడి దుమ్ములో పొర్లితే పేలు చాలా వరకు రాలతాయి. ఇదివరకు ప్రతి పెరట్లో పొయ్యి బూడిద గుట్ట ఉండేది. గ్యాస్ వచ్చాక బూడిద పోయింది, సిమెంటు వచ్చాక దుమ్ము పోయింది. మా పోలవరం వైపు ప్రాజెక్టు కోసం ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకి వచ్చినవాళ్ళకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. గోదారి ఒడ్డున తోటంతా తిరిగిన కోళ్ళు ఇప్పుడు నాలుగు గజాల గచ్చు మీద తిరుగుతున్నాయి. అలాంటివాళ్ళు చూరు కింద వాన పడని చోట పాత టైరు గానీ వెడల్పు తొట్టి గానీ పెట్టి, పొడి ఇసుక, జల్లించిన కట్టెల బూడిద సగం సగం పోయండి. వర్షాల్లో తడవకుండా చూడండి. అంతకన్నా చవకైన మందు నాకు తెలీదు.

పేలు మరీ మితిమీరితే డాక్టరు గారిని అడిగి కోళ్ళకి వాడే మందే, చెప్పిన మోతాదులోనే వాడండి. పది రోజులకి రెండోసారి వేయాలా, ఎన్ని రోజులు గుడ్డు తినకూడదు అన్న రెండు ప్రశ్నలు అడగకుండా ఇంటికి రాకండి. పొగాకు నీళ్ళు చెట్టు నుంచే వచ్చాయి కదా అని పోయకండి, అదీ విషమే.

కాళ్ళ గురించి కూడా చెప్పి ముగిస్తాను. కుంటే కోడికి మనం వెంటనే పసుపు, సున్నం పట్టేస్తాం. కుంటు ఎందుకొచ్చిందో చూడం.

కాళ్ళ మీద పొలుసులు లేచి, తెల్లగా పెచ్చులు కట్టి, కాలు లావైతే అది పొలుసుల కింద తొలుచుకుపోయే పురుగు. కంటికి కనపడదు. గోరువెచ్చటి సబ్బునీళ్ళలో కాళ్ళు నానబెట్టి, పాత పళ్ళ బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక కొబ్బరినూనె గానీ వ్యాజిలిన్ గానీ దట్టంగా పట్టించండి. గాలాడక పురుగు చస్తుంది. వారానికి రెండుసార్లు, కొన్ని వారాల పాటు ఓపిగ్గా చేయాలి. పెచ్చులు గోళ్ళతో పీకకండి, నెత్తురొస్తుంది. కిరసనాయిలు రాయకండి, చర్మం కాలుతుంది.

అరికాలు వాచి మధ్యలో నల్ల పొక్కు ఉంటే అది లోపల చీము గడ్డ. బరువైన పుంజులకి, పందేనికి మేపే వాటికి గచ్చు మీద ఉంచడం వల్ల, ఎత్తు మీంచి దూకడం వల్ల, ముల్లు దిగడం వల్ల వస్తుంది. ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, అయోడిన్ మందు రాసి, మెత్తటి ఊక మీద ఉంచండి. గట్టిపడితే బ్లేడుతో మీరే కోయకండి, డాక్టరుకి చూపించండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చీములో ఉండే క్రిమి మనకీ అంటుతుంది. పడుకునే కర్ర కిందకి దించితే సగం కేసులు అసలు రావు.

గోదారి ఒడ్డు వాళ్ళకి ఇంకొకటి. వల దారం ముక్కలు ఎక్కడ పడితే అక్కడ పారేయకండి. వేలికి చుట్టుకుని బిగిసి వేలు నల్లబడి ఊడిపోతుంది. కుంటే కోడి దొరికితే మొదట దారం ఉందేమో చూడండి.

కానీ ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి చాపి పడిపోయినా, మెడ తిరిగిపోయినా అది కాలి జబ్బు కాదు. కొక్కెర తెగులో, ఇంకో పెద్ద రోగమో కావచ్చు. వెంటనే విడిగా పెట్టి పశువుల ఆస్పత్రికి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చేయండి. ఒకేసారి ఎక్కువ కోళ్ళు చచ్చిపోతే దాచకండి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఏం చేసిందో చూశాం.

ఇదంతా ఎవరు చేస్తారండీ అంటారా? మన ఇళ్ళల్లో కోళ్ళు చూసేది ఆడవాళ్ళే. ఆ గుడ్ల డబ్బే పిల్లల పుస్తకాలకి, చీటీ వాయిదాకి వెళ్తుంది. గూడు కడిగే పని కూడా వాళ్ళ మీదే వేసి, మందు డబ్బా మాత్రం మనం పట్టుకుంటాం. నేను ఇప్పుడు నెలకోసారి ఆదివారం పూట గూడు నేనే కడుగుతున్నాను. రెండు గంటల పని. మొన్న అదే పెట్ట మళ్ళీ పొదిగింది. కొత్త బుట్ట, కొత్త గడ్డి. ఎనిమిది పిల్లలు. ఎనిమిదీ తిరుగుతున్నాయి.

ఈ రాత్రికే లైటు, తెల్లగుడ్డ పట్టుకుని మీ గూడు దగ్గరకి వెళ్ళండి. ఏం కనపడిందో రేపు చెప్పండి.